సిగ్నల్ లేదు, అత్తయ్యా!

మా యింట్లో రెండు టీవీలున్నాయి. హాల్లో వున్నది గోడలో సగం వుంటుంది. దానికి ఇంటర్నెట్ వుంది. నోటితో చెబితే వింటుంది కూడాను. అయితే మావారి మాటా, మా అబ్బాయి మాటా వింటుంది గాని నా మాట వినదు. ఇంట్లో మిగతావాళ్ళని చూసి నేర్చుకుని వుంటుంది.

రెండోది మా అత్తగారి గదిలో చిన్న బల్ల మీద వుంటుంది. దానికి డాబా మీద గొడుగులాంటి డిష్షు, కింద అరచెయ్యంత డబ్బా. నెలనెలా ఎవరికీ డబ్బు కట్టక్కర్లేని దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ అది. అందులో ఎన్ని ఛానళ్ళొచ్చినా మా అత్తగారికి కావలసింది ఒక్కటే, విజయవాడ దూరదర్శన్. దీపాలు పెట్టే వేళకి కళ్ళద్దాలు తుడుచుకుని దాని ముందు కూర్చుంటారు. వార్తలు, ఎవరో ఓ అమ్మాయి పాడే అన్నమయ్య కీర్తన, రైతులకి సలహాలు, అన్నీ చూస్తారు. మినుముకి పల్లాకు తెగులు వస్తే ఏం చెయ్యాలో మా బందరు ఇంట్లో కూర్చుని ఎంతో శ్రద్ధగా వింటారు. మాకు సెంటు భూమి లేదు.

మొన్న కార్తీకమాసంలో ఒకరోజు ఆ టీవీ ఆగిపోయింది. ఆగిపోవడమంటే చీకటైపోవడం కాదు. తెరంతా నీలం రంగు, మధ్యలో "నో సిగ్నల్" అని ఓ చిన్న పెట్టె. ఆ పెట్టె ఈ మూలనుంచి ఆ మూలకి తీరుబడిగా షికార్లు చేస్తూ వుంది.

"అమ్మాయ్, టీవీ రావడం లేదు," అన్నారు అత్తగారు.

"సిగ్నల్ లేదు అత్తయ్యా! వాన కదా, తగ్గితే అదే వస్తుంది," అన్నాను.

ఇది అబద్ధం కాదు. ఉపగ్రహం నుంచి వచ్చే ఆ తరంగాలకి జోరువానంటే పడదు. దారిలోనే చినుకులు వాటిని చాలావరకు మింగేస్తాయి. వాన వెలిస్తే బొమ్మ తిరిగి వస్తుంది. మర్నాటికి వాన వెలిసింది, బొమ్మ మాత్రం రాలేదు. మూడో రోజు "ఆ డబ్బా ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి" అని వంటింట్లోంచే కేకేశాను. నాలుగో రోజు "మెకానిక్కుకి ఫోన్ చేశాను, వస్తానన్నాడు" అన్నాను. ఇది మాత్రం అచ్చమైన అబద్ధం. నవల ఆఖరి ప్రకరణాల్లో మునిగి వున్నాను. కాగితం మీద పదిమంది కష్టాలు గట్టెక్కించే పనిలో వున్నదానికి పక్కగదిలో మనిషి నీలం తెరకేసి చూస్తూ కూర్చున్న సంగతి ఎక్కడ పడుతుంది చెప్పండి!

అలా 11 రోజులు గడిచాయి.

* * *

మా చిన్నతనంలో ఇలా వుండేది కాదు. బెజవాడలో మా పుట్టింటి డాబా మీద పొడుగాటి గొట్టానికి చేపముల్లు లాంటి యాంటెన్నా వుండేది. గాలి వేసినా, కాకి వాలినా దాని మొహం తిరిగిపోయేది. శుక్రవారం చిత్రలహరి మొదలయ్యే వేళకి బొమ్మ చెదిరిందంటే ఇల్లంతా యుద్ధానికి లేచినట్టే. నాన్నగారు డాబా మీద, అన్నయ్య మెట్ల మీద, నేను టీవీ ముందు.

"వచ్చిందా?"

"లేదు!"

"ఇప్పుడో?"

"బొమ్మ వచ్చింది, మాట లేదు!"

"ఇప్పుడు?"

"మాట వచ్చింది, బొమ్మ పోయింది!"

ఆఖరికి బొమ్మ మీద కాస్త చీమలు పాకుతున్నట్టు వున్నా, మనిషి పక్కన మనిషి నీడ వున్నా, "చాల్లే, దిగిరండి" అనేవాళ్ళం. ఆ చీమల మధ్యనే కథానాయికని గుర్తుపట్టేవాళ్ళం. పాట సగం వినిపిస్తే మిగతా సగం మనమే పూర్తి చేసేవాళ్ళం. ఆ టీవీలో ఒక మంచితనం వుండేది. దానికి జబ్బు చేస్తే ముందుగానే తెలిసేది. మొదట చీమలు, తరవాత గీతలు, ఆ తరవాత మసక. మనకి సర్దుకోవడానికి వ్యవధి ఇచ్చేది.

ఇప్పటి డిజిటల్ టీవీ పద్ధతి వేరు. బొమ్మనీ మాటనీ అంకెలుగా మార్చి పంపిస్తారు. దారిలో కొన్ని అంకెలు పోయినా మన డబ్బా లెక్కగట్టి సరిచేసుకుంటుంది. ఫోన్లో చెల్లెలు ఆవకాయ కొలతలు చెబుతుంటే ఒకటి రెండు మాటలు తెగినా మనం పోల్చుకుంటాం కదా, అలాగన్నమాట. కాని తెగిపోయేవి ఒక హద్దు దాటితే ఇంక పోల్చుకోలేం. డబ్బా కూడా అంతే. ఆ హద్దు దగ్గర కాసేపు బొమ్మ గళ్ళుగళ్ళుగా విరుగుతుంది, కొయ్యబారుతుంది, ఆపైన ఏమీ వుండదు. అద్దంలా వస్తే వస్తుంది, లేకపోతే అసలే రాదు. మసగ్గా రావడమనేది దాదాపు లేదు.

టీవీకి ఈ పద్ధతి బాగుంది. చిక్కేమిటంటే, మనం కూడా దాని దగ్గర ఇదే నేర్చుకున్నామేమో అని నా అనుమానం. స్పష్టంగా, చటుక్కున, అందంగా చెప్పేవాళ్ళ మాట వింటాం. నసిగేవాళ్ళూ, చెప్పిందే చెప్పేవాళ్ళూ, మాట వెతుక్కునేవాళ్ళూ ఎదురైతే మన తెర నీలంగా మారిపోతుంది. మనిషి ఎదురుగానే వుంటుంది. మనకి సిగ్నల్ వుండదు.

* * *

అయిదో రోజు రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తాను. మావారు లెక్కలు చూసే మనిషి. "ఆ డిష్షు తీసేద్దాం. అమ్మకి హాల్లో టీవీ వుందిగా. యూట్యూబ్‌లో రాని ప్రవచనం లేదు. ఆ ఛానల్ మన వీధిలో అమ్మ తప్ప ఇంకెవరైనా చూస్తారా?" అన్నారు.

నాకూ నిజమే అనిపించింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ కార్యక్రమాలంటే ఆవులింతలే. ఒకే సోఫా, ఒకే పూలకుండీ, ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు. అధికారంలో ఎవరుంటే వాళ్ళ సభలూ, శంకుస్థాపనలూ సరేసరి. చూసేవాళ్ళు లేని దాని మీద నలుగురి డబ్బు ఖర్చుపెట్టడం న్యాయమా అని ఎవరైనా అడిగితే తేలిగ్గా తోసెయ్యలేం.

అయినా ఈ కథ మొదలైంది ఇలాంటి లెక్కలతో కాదు. 1959లో ఢిల్లీలో టీవీ ప్రయోగంగా పుట్టింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికావాళ్ళ ఉపగ్రహాన్ని అరువు తీసుకుని ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి కార్యక్రమాలు చూపించారు. అందులో మన తెలుగు పల్లెలూ వున్నాయి. కోళ్ళగూటికి వాడే తీగవలతో పెద్ద పెద్ద డిష్షులు చేసి నిలబెట్టారు. సాగుబడి, ఆరోగ్యం, పిల్లల చదువు, అన్నీ తెలుగులోనే. ఎంతమంది చూస్తారు, ఎన్ని ప్రకటనలు వస్తాయి అని కాదు, ఎవరికి అవసరం అని అడిగి మొదలుపెట్టిన పని అది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక అక్కడ యాదగిరి అనీ, మనకి సప్తగిరి అనీ వేరువేరు ఛానళ్ళయ్యాయి.

ఈలోగా ఊరూరా కేబుల్ వచ్చింది. మా బందరులో కేబులాయన తన సొంత ఛానల్లో చిలకలపూడి పాండురంగడి ఉత్సవాలు చూపించేవాడు. ఏ పేటలో ఎప్పుడు కరెంటు తీస్తారో, ఎవరి పిల్లవాడు తప్పిపోయాడో తెర కింద అక్షరాలు పరిగెత్తించేవాడు. 2011లో చట్టం మార్చి, 2012 నుంచి 2017 దాకా విడతలుగా దేశమంతా కేబుల్‌ని డిజిటల్ చేశారు. బొమ్మ అద్దంలా అయింది, ఛానళ్ళు వందలయ్యాయి. ఆ యంత్రాల ఖర్చు తట్టుకోలేక చిన్న చిన్న కేబులువాళ్ళు పెద్దవాళ్ళ కిందికి చేరారు. దూరదర్శన్ పాత టవర్లు కూడా, సరిహద్దుల వంటి కీలకమైన చోట్ల వున్న కొద్దిపాటివి తప్ప, 2022 నాటికి ఆగిపోయాయి. మా నాన్నగారి చేపముల్లు యాంటెన్నా ఇప్పుడుంటే తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొచ్చేది.

ముందు ముందు ఏం కానుందో? 2024లో ప్రసారభారతి వేవ్స్ అని ఇంటర్నెట్ వేదిక ఒకటి మొదలుపెట్టింది. ఇంటర్నెట్ అక్కర్లేకుండానే టీవీని నేరుగా ఫోనులోకి పంపే ప్రయోగాలూ జరిగాయి. దారి ఏదైనా కావచ్చు. ఆ దారిలో మా బందరు మాట, దివిసీమ మాట వుంటుందా అన్నదే ప్రశ్న. అన్ని ఊళ్ళకీ ఒకే మాట పంపడం చవక. ఒక్కో ఊరికి ఆ ఊరి మాట పంపడం ఖర్చు.

* * *

పదకొండో రోజు సాయంత్రం కాఫీ ఇవ్వడానికి అత్తగారి గదిలోకి వెళ్ళాను. నీలం తెర ముందు కూర్చుని వున్నారు. టీవీ కట్టెయ్యలేదు.

"రానిదాన్ని ఎందుకు అత్తయ్యా, ఆపేస్తాను. హాల్లోకి రండి, అందులో పెడతాను," అన్నాను.

"అందులో మన జిల్లా సంగతులు ఎవరూ చెప్పరమ్మాయ్," అన్నారు.

"ఏముంటాయి అత్తయ్యా మన జిల్లాలో? ఏమన్నా వుంటే ఫోన్లో వస్తుందిగా."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఉప్పెన సంగతి నీకెప్పుడైనా చెప్పానా?" అన్నారు.

చెప్పారు. చాలాసార్లు చెప్పారు. అందుకే నేను ఏనాడూ పూర్తిగా వినలేదు. ఉప్పెన అన్న మాట పడగానే నాకు వంటింట్లో పని గుర్తొచ్చేది. ఆరోజెందుకో కూర్చున్నాను.

అప్పటికి ఆవిడ కొత్తగా కాపరానికి వచ్చిన కోడలు. కోడూరు దగ్గర ఒక పల్లె. ఇంట్లో ఒక రేడియో వుండేది. పొద్దున భక్తిరంజని, ఉషశ్రీగారి ప్రవచనాలు, అన్నీ విజయవాడ నుంచే. ఆ వారం రేడియోలో సెల్స్ అయిపోయాయి.

"మీ మామయ్యగారు శనివారం అవనిగడ్డ వెళ్తాను కదా, అప్పుడు తెస్తానన్నారు. మూడురోజులు రేడియో లేకపోతే ఏం మునిగిపోతుందిలే అన్నాను నేను. నేనే అన్నాను. శుక్రవారం మా చిన్నమరిది, పన్నెండేళ్ళవాడు, సముద్రం పక్కన వాళ్ళ మేనత్తగారి ఊరు వెళ్తానని పేచీ పెట్టాడు. జంతికలు మూటకట్టి పంపించాను."

ఆ శనివారం 1977 నవంబరు 19. దివిసీమని సముద్రం మింగిన రోజు. పోయినవాళ్ళు దాదాపు 10,000 మందని లెక్కలు. ఆ ఊళ్ళవాళ్ళనడిగితే ఇంకా ఎక్కువే చెబుతారు. ఆ పిల్లవాడు తిరిగి రాలేదు.

"ముందురోజు రేడియోలో ఏం చెప్పారో, ఎంత చెప్పారో నాకు తెలీదమ్మాయ్. చెప్పినా వీడు ఆగేవాడో కాదో! కాని చెప్పారేమో, మేం వినలేదేమో అన్నది వుందే, అది ఇప్పటికీ పోలేదు," అన్నారు.

నీలం తెర మీద ఆ పెట్టె అటూ ఇటూ తిరుగుతూనే వుంది.

ఈ కథ పాతికేళ్ళుగా ఆవిడ చెబుతూనే వున్నారు. సెల్స్ దగ్గరికి, జంతికల దగ్గరికి కథ వచ్చేసరికి నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. ఎవరో నవలల్లో రాస్తే కళ్ళొత్తుకునేదాన్నే, ఇంట్లో మనిషి చెబితే "విన్నదేగా" అనుకున్నాను.

* * *

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎంతమంది వింటారన్నదాన్ని బట్టి ఒక గొంతుకి విలువ కట్టొచ్చా అని ఆలోచించాను. అలా కడితే, మా ఊరి చివర మంచినీళ్ళ బావిని ఏనాడో పూడ్చెయ్యాలి. కుళాయిలొచ్చాక దాని దగ్గరికి వెళ్ళేవాళ్ళు లేరు. పైపు పగిలిన వారం మాత్రం ఊరంతా అక్కడే వుంటుంది. అయితే బావిలో పూడిక తియ్యాల్సింది పైపు పగిలిన రోజున కాదు కదా.

1995లో ఒక క్రికెట్ ప్రసారం తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆకాశంలో తిరిగే ఆ తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు తేల్చి చెప్పింది. ఆస్తి మనదైతే సంరక్షణ కూడా మనదేనేమో! జహీరాబాద్ దగ్గర మాచనూరులో పేద రైతు స్త్రీలు 2008లో సంఘం రేడియో మొదలుపెట్టారు. మన దేశంలో జనం తమ కోసం తామే పెట్టుకున్న మొట్టమొదటి రేడియో స్టేషన్లలో అది ఒకటి. వాళ్ళలో చాలామంది దళిత స్త్రీలు. చిరుధాన్యాల గురించీ, విత్తనాల గురించీ, పండగల గురించీ తమ యాసలోనే మాట్లాడుకున్నారు. అది హైదరాబాదుకి కూడా వినపడదు. చుట్టుపక్కల పల్లెలకి వినపడితే చాలు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి తెలుసు, ఎవరు చెబుతున్నారో వినేవాళ్ళకీ తెలుసు.

చెప్పేవాళ్ళ బాధ్యత గురించి మనం చాలా మాట్లాడతాం. బాగా చెయ్యడం లేదు, విసుగ్గా వుంది, నిజం చెప్పడం లేదు అంటాం. అనాలి కూడా. వినేవాళ్ళ బాధ్యత మాటేమిటి? టవరు ఎంత ఎత్తున కట్టినా మన డాబా మీద డిష్షు పెడమొహం పెడితే ఆ గొంతు ఎక్కడికి చేరుతుంది? వినేవాళ్ళు లేరని వాళ్ళు మానేస్తారు. వాళ్ళు మానేశారు కదా అని మనం నిట్టూరుస్తాం. ఇందులో ముందు ఎవరు తప్పు చేశారో తేలదు.

* * *

మర్నాడు పొద్దున్నే మెకానిక్కుకి నిజంగానే ఫోన్ చేశాను. ఏదో పెళ్ళిలో వున్నాడు. "అమ్మా, రిమోట్‌లో మెనూ నొక్కండి. రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. ఎంతెంత వున్నాయి?" అన్నాడు.

"స్ట్రెంగ్త్ 85, క్వాలిటీ 0," అన్నాను.

"అయితే డబ్బా, వైరు బాగానే వుండుంటాయి. డిష్షు పక్కకి తిరిగిపోయింది. డాబా ఎక్కి చూడండి."

85 వుండి కూడా సున్నా ఏమిటని అడిగాను. "ఏదో ఒక శబ్దం అందుతూనే వుంటుందమ్మా. మనకి కావలసింది అందితేనే రెండో గీత లేస్తుంది," అన్నాడు. పెళ్ళిబాజాల మధ్య అతను ఆ మాట చెప్పాడు గాని, నాకు మా అత్తగారి ఉప్పెన కథే గుర్తొచ్చింది. పాతికేళ్ళు ఆ గొంతు నా చెవిన పడుతూనే వుంది. 85 పైమాటే. రెండో గీత లేవలేదు.

డాబా ఎక్కాను. కారణం ఎదురుగానే వుంది. వానలకి బట్టలు ఆరడం లేదని కొత్త నైలాన్ తాడు కట్టాం. ఒక కొస నీళ్ళ ట్యాంకు గొట్టానికి, రెండో కొస డిష్షు కడ్డీకి. దాని మీద రెండు తడి దుప్పట్లు. ఉపగ్రహం వుండేది 36,000 కిలోమీటర్ల దూరంలో. ఇక్కడ డిష్షు వేలెడు పక్కకి లాగితే అక్కడ గురి ఎక్కడికో పోతుంది. 11 రోజులు వాననీ, డబ్బానీ, మెకానిక్కునీ అన్నాను. ఆ తాడు కట్టిందెవరో వేరే చెప్పాలా?

తాడు విప్పేశాను. డిష్షు పట్టుకుని కొంచెం కొంచెం తిప్పడం మొదలుపెట్టాను. కింద అత్తగారు రిమోట్‌తో టీవీ ముందు. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి ఆవిడ మాట వినిపించుకుని నాకు పైకి చెబుతున్నారు.

"వచ్చిందా?"

"లేదట!"

ఈ డబ్బాలకి నింపాది ఎక్కువ. కాస్త తిప్పి, నాలుగు క్షణాలు ఆగి అడగాలి. తొందరపడి గిరగిరా తిప్పితే సరైన చోటు వచ్చినా తెలియకుండానే దాటిపోతుంది. తిప్పాను, ఆగాను. తిప్పాను, ఆగాను.

"ఇప్పుడో?"

"రెండో గీత లేచిందట! ఇంకొంచెం... ఆపు, ఆపు! మాట కూడా వచ్చిందట!"

అరగంట పట్టింది. ఇంత చిన్న పనికి 11 రోజులా అని అత్తగారు ఒక్కమాట అడిగితే బాగుండును. అడగలేదు.

సాయంత్రం కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చున్నారు. నేనూ పక్కన కుర్చీ వేసుకున్నాను. అదే సోఫా, అదే పూలకుండీ. శాస్త్రవేత్త గారు తాపీగా చెప్పుకుపోతున్నారు. పది నిమిషాలకి పక్కకి చూద్దును కదా, అత్తగారు హాయిగా కునుకు తీస్తున్నారు! నవ్వొచ్చింది. చప్పుడు కాకుండా లేచి టీవీ ఆపబోయాను.

"వుండనీ అమ్మాయ్, చెప్పనీ," అన్నారు కళ్ళు తెరవకుండానే.

మళ్ళీ కూర్చుని చివరిదాకా విన్నాను. మినుముకి పల్లాకు తెగులు తెల్లదోమ వల్ల వస్తుందట. మీకు తెలుసా? మొన్నటిదాకా నాకూ తెలీదు.